దమ్ము డబ్బాలో దొరకదు

"పిల్ల పరుగు పందేల్లో చేరిందండీ. పొద్దున్నే ఐదింటికి లేచి గ్రౌండ్‌కి పోతోంది. మూడు రౌండ్లు బాగానే కొడుతుంది, నాలుగో రౌండ్‌కి వచ్చేసరికి దమ్ము ఆగడం లేదు. పక్కింటి పిల్లాడు ఏదో పొడి పాలల్లో కలుపుకుని తాగుతున్నాడట. మా పిల్లకూ కొనాలా?"

ఈ మధ్య నలుగురు తల్లులు కూడిన చోటల్లా వినిపిస్తున్న ప్రశ్న ఇది. వరంగల్, హన్మకొండల్లో మరీ ఎక్కువ. అందులో వింతేమీ లేదు. పర్వతగిరి మండలం కల్లెడ గ్రామంలో కూలి పని చేసుకునే అమ్మానాన్నలకు పుట్టిన జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి, పారా క్రీడల్లో తన విభాగానికి ప్రపంచ రికార్డు సాధించింది. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ నుంచి కాంస్య పతకం తెచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు, 2021 సెప్టెంబరులో, హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోనే జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 నుంచి ఎవరూ అందుకోలేకపోయిన జాతీయ రికార్డును మన ఊళ్ళోనే చెరిపేసింది.

ఇవన్నీ చూసిన తల్లిదండ్రులకు తమ పిల్లలమీద ఆశ పుట్టడం మంచిదే. కాని ఆశ ఉన్న చోటికి అంగడి కూడా వస్తుంది. ప్రోటీన్ పొడి, ఎనర్జీ డ్రింకు, విటమిన్ బిళ్ళలు, పేరు పలకడానికి కూడా రాని మరేవో క్యాప్సూళ్ళు... వేలకు వేలు పోసి కొంటున్నాం. వీటిలో మన పిల్లలకు నిజంగా పనికొచ్చేది ఏది? డబ్బు దండగయ్యేది ఏది? ప్రమాదం తెచ్చేది ఏది? ఈ వారం తీరిగ్గా చూద్దాం.

దమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?

కట్టెల పొయ్యి గుర్తుందా? పొయ్యి బాగా మండాలంటే కట్టెలు కావాలి, గాలి ఆడాలి. పొయ్యి గడ్డ బీటలు వారితే మట్టి మెత్తి సరిచేసుకోవాలి. ఒంటి సంగతీ అంతే.

అన్నం, రొట్టె, అంబలి, పండ్లు - ఇవి కట్టెలు. ఎక్కువ దూరం పరుగెత్తే పిల్లలకు ముందుగా కావలసింది ఇదే. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన ప్రాణవాయువును కండరాల దాకా మోసుకుపోయేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది గాలి. ఆ హిమోగ్లోబిన్ తయారు కావాలంటే ఇనుము ఉండాలి. ఇక మాంసకృత్తులు, అదే ప్రోటీన్, మట్టి లాంటివి. అలసిన కండరాన్ని మరమ్మతు చేస్తాయి, ఎదిగే పిల్లల ఒళ్ళు పెంచుతాయి.

ఇప్పుడు చెప్పండి. నాలుగో రౌండ్‌లో పిల్ల ఆగిపోతున్నదంటే పొయ్యిలో కట్టెలు అయిపోయినట్టా, గాలి ఆడనట్టా, మట్టి చాలనట్టా? చాలా ఇళ్ళల్లో మొదటి రెండూ చూడకుండానే మట్టి కొనడానికి పరుగెత్తుతున్నాం. ప్రోటీన్ పొడి మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి మాట. అసలు లోటు దేనిలో ఉందో ముందు తెలుసుకోవాలి కదా!

ముందు రక్తం చూపించండి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువ. మగపిల్లల్లో ఆ సంఖ్య నూటికి 31. అంటే గ్రౌండ్‌లో పదిమంది అమ్మాయిలు వరుసగా నిలబడితే వాళ్ళలో సగానికి పైగా గాలి సరిగా ఆడని పొయ్యితోనే పరుగు మొదలుపెడుతున్నారన్న మాట.

నెలనెలా బహిష్టులో రక్తం పోతుంది. ఎదిగే వయసులో రక్తం పెరగాలి కనుక ఇనుము ఇంకా ఎక్కువ కావాలి. దానికి తోడు దూరం పరుగెత్తే పిల్లలకు చెమటలో కొద్దిగా ఇనుము పోతుంది. పాదాలు నేలకు పదే పదే బలంగా తాకడం వల్ల కూడా కొన్ని ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఇన్ని వైపుల ఖర్చు పెట్టుకుని, టీలో రెండు బిస్కెట్లు ముంచుకుని బడికి పోయే పిల్లకు దమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?

గుర్తులు ఇవి. మెట్లెక్కితేనే ఆయాసం, ఎప్పుడూ నీరసం, తలనొప్పి, కనురెప్ప లోపల, గోళ్ళు పాలిపోయి ఉండటం, బలపం, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపించడం. ఒక్కోసారి ఇవేవీ పైకి కనపడవు. నెల కిందటి కంటే పరుగు మెల్లబడుతుంది, అంతే. "బద్ధకం ఎక్కువైంది, సెల్‌ఫోన్ చూసి చెడిపోతోంది" అని మనం తిడతాం. పిల్ల నిజంగానే తనకు చేతకాదనుకుని పరుగు మానేస్తుంది. ఒక్క రక్తపరీక్షతో తేలే విషయానికి ఎంత నష్టం!

పరీక్ష పెద్ద పనేమీ కాదు. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా చేస్తారు. ఆడపిల్లలకు 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. 15 ఏళ్ళు దాటిన మగపిల్లలకు 13 గ్రాములు ఉండాలి. పిల్ల రోజూ గట్టిగా సాధన చేస్తూ, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా అలసిపోతుంటే డాక్టరుగారిని అడిగి ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. హిమోగ్లోబిన్ అంటే చేతిలో ఉన్న డబ్బు, ఫెరిటిన్ అంటే పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బు. చేతిలో డబ్బు ఆడుతున్నా పోపుల డబ్బా ఖాళీ అయి ఉండవచ్చు.

ఈ దాచుకున్న ఇనుము మాట ఉత్తిది కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2000 సంవత్సరంలో ఒక పరిశోధన ప్రచురించారు. రక్తహీనత లేదు గాని ఇనుము నిల్వలు అడుగంటిన 42 మంది యువతులను తీసుకుని, సగం మందికి ఆరు వారాలు ఇనుము బిళ్ళలు, మిగతా సగానికి ఉత్తి బిళ్ళలు ఇచ్చారు. అందరి చేతా ఒకే రకం సాధన చేయించారు. 15 కిలోమీటర్ల సైకిల్ పరీక్షలో ఇనుము తీసుకున్న వాళ్ళు ఎక్కువగా మెరుగుపడ్డారు. లోటు ఉన్న చోట లోటు పూడిస్తే ఫలితం అలా ఉంటుంది.

బడిలో ఇచ్చే నీలం గోలీ

విచిత్రం చూడండి. దమ్ముకు నిజంగా పనికొచ్చే ఆ బిళ్ళను ప్రభుత్వం బడిలో ఉచితంగా ఇస్తుంది. వారానికి ఒక్క నీలం రంగు గోలీ. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మందు కూడా ఇస్తారు. పొట్టలో కొంకి పురుగులు ఉంటే అవి తాగేది మన పిల్లల రక్తమే కనుక ఆ మందు మానకూడదు.

కాని ఎంతమంది పిల్లలు ఆ గోలీని కిటికీలోంచి పారేస్తున్నారో! "కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది" అని భయం. నల్లగా కావడం మామూలే, ప్రమాదం లేదు. తిప్పకుండా ఉండాలంటే పరగడుపున కాక అన్నం తిన్నాక వేసుకోమనండి. టీ, కాఫీ, పాలతో మాత్రం వేసుకోవద్దు. అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుంది.

ఒక హెచ్చరిక. రక్తం తక్కువని తేలితే రోజుకు ఎన్ని బిళ్ళలు, ఎన్ని నెలలు అన్నది డాక్టరే చెప్పాలి. తలసేమియా, సికిల్ సెల్ వంటి జబ్బుల్లోనూ రక్తం తక్కువగానే ఉంటుంది. వాటికి ఇనుము మందు కాదు, పైగా పేరుకుపోతే కీడు. లోటు లేని పిల్లాడికి ఇనుము పోసినంత మాత్రాన పరుగు పెరగదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే బిళ్ళల సీసా వాళ్ళకు అందనంత ఎత్తులో పెట్టండి. మిఠాయి అనుకుని మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

కంచంలో కట్టెలు చాలుతున్నాయా?

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 13-15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 2,400 కిలోక్యాలరీలు, మగపిల్లాడికి 2,860 కావాలి. 16-18 ఏళ్ళకు అవి 2,500, 3,320 అవుతాయి. రోజూ గంటన్నర పరుగెత్తే పిల్లలకు ఇంకా ఎక్కువే కావాలి.

మన ఆడపిల్లలు ఏం చేస్తున్నారు? పొద్దున ఏమీ తినకుండా గ్రౌండ్‌కి, అక్కడి నుంచి ఉరుకులు పరుగులతో బడికి. మధ్యాహ్నం చల్లారిన అన్నం సగం తిని సగం మిగల్చడం. "లావైపోతానమ్మా" అని రాత్రి రెండు పుల్కాలు. ఇలాంటి పిల్లకు పాలల్లో ఎంత ఖరీదైన పొడి కలిపినా ఒళ్ళు దాన్ని కూడా కట్టెలాగే మండించేస్తుంది. మరమ్మతుకు మిగలదు.

తిండి చాలడం లేదని ఆడపిల్ల ఒళ్ళు చెప్పే గట్టి గుర్తు ఒకటుంది. బహిష్టు ఆగిపోవడం. "పరుగెత్తే పిల్లలకు అలాగే అవుతుందిలే, పీడా పోయింది" అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. అది తప్పు. చేసే శ్రమకు తగ్గ తిండి లేక ఒళ్ళు ఒక్కొక్క పనీ ఆపేసుకుంటున్నదన్న మాట. అప్పుడు ఎముకలు కూడా బలహీనపడి సన్నటి పగుళ్ళు వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. మూడు నెలలు వరుసగా బహిష్టు రాకపోయినా, 15 ఏళ్ళు నిండినా పిల్ల పెద్దమనిషి కాకపోయినా స్త్రీల డాక్టరుకు చూపించండి. సిగ్గుపడి దాచవద్దని పిల్లకు మీరే ముందుగా చెప్పండి.

ప్రోటీన్ లెక్క వేద్దామా?

ఇప్పుడు అసలు డబ్బా దగ్గరకు వద్దాం. 45 కిలోల బరువున్న అమ్మాయి అనుకోండి. మామూలు పిల్ల అయితే రోజుకు 43 గ్రాముల ప్రోటీన్ చాలునని పోషకాహార సంస్థ చెబుతుంది. గట్టిగా సాధన చేసే పిల్లకు కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల లెక్కన 54 నుంచి 72 గ్రాములు కావాలి. మన వంటింట్లో ఇవి ఉన్నాయా?

అర లీటరు పాలు లేదా పెరుగు - 16 గ్రాములు
రెండు కోడిగుడ్లు - 12 గ్రాములు
పావు కిలో బియ్యం అన్నం (రోజు మొత్తానికి) - 19 గ్రాములు
కంది పప్పు 60 గ్రాములు - 13 గ్రాములు
శనగ గుడాలు (ఎండు శనగలు 40 గ్రాములు) - 8 గ్రాములు
పల్లీలు ఒక గుప్పెడు, 30 గ్రాములు - 7 గ్రాములు

మొత్తం 75 గ్రాములు! కోడికూర వండిన రోజు చెప్పనే అక్కర్లేదు. గుడ్డు తినని ఇళ్ళల్లో 25 గ్రాముల మీల్ మేకర్ కూరలో వేస్తే రెండు గుడ్ల ప్రోటీన్ వచ్చేస్తుంది. డబ్బాలోని పెద్ద చెంచాడు పొడిలో ఉండేది మహా అయితే 24, 25 గ్రాములు. నాలుగు గుడ్లతో సమానం, అంతే. అందులో ఇనుము, పీచు, కట్టెల్లాంటి పిండిపదార్థం - ఇవేవీ పెద్దగా ఉండవు.

ఇదే జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయులకు ఆహార సూచనలు విడుదల చేస్తూ, ప్రోటీన్ పొడులను వాడవద్దని, వాటిలో కలిపిన చక్కెరలు, తీపి రసాయనాలు, కృత్రిమ రుచులు ఉండవచ్చని చెప్పింది. అదే ఏడు కేరళకు చెందిన వైద్యులతో కూడిన బృందం మన దేశంలో అమ్ముతున్న 36 రకాల ప్రోటీన్ పొడులను పరీక్షించింది. వాటిలో దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్‌కూ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. కొన్నిటిలో బూజు విషం కూడా కనిపించింది.

పాలల్లో కలిపే మాల్ట్ పొడుల సంగతి కూడా చెప్పుకోవాలి. తరతరాలుగా వాటిని "హెల్త్ డ్రింక్" అనే అనుకున్నాం. మన ఆహార చట్టంలో అసలు "హెల్త్ డ్రింక్" అనే మాటే లేదని తేలి, 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఇంటర్నెట్ దుకాణాలను ఆ పేరు కింద నుంచి వాటిని తీసెయ్యమన్నది. రుచికోసం ఒక చెంచా వేస్తే పిల్లాడు పాలు తాగుతాడంటే సరే. బలం మాత్రం పాలదే, పొడిది కాదు.

ఒక్క క్యాప్సూల్, రెండేళ్ళ నిషేధం

డబ్బు పోతే పోయింది, పిల్ల భవిష్యత్తు పోతే? 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన మహిళల 4×400 రిలే జట్టు స్వర్ణాలు తెచ్చినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. మరుసటి ఏడే, 2011లో, ఆ జట్టులోని వాళ్ళతో సహా ఆరుగురు అమ్మాయిలు డోపింగ్ పరీక్షలో దొరికారు. విదేశీ కోచ్ చైనాలో కొని తెచ్చిచ్చిన జిన్సెంగ్ వేసుకున్నామని, అందులో నిషేధిత స్టెరాయిడ్ కలిసి ఉన్నదని తమకు తెలియదని వాళ్ళు చెప్పుకున్నారు. అయినా 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం రెండేళ్ళ నిషేధం ఖాయం చేసింది. లండన్ ఒలింపిక్స్ వాళ్ళు లేకుండానే జరిగిపోయాయి.

క్రీడల చట్టం చాలా కఠినం. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆ క్రీడాకారులదే. "కోచ్ ఇచ్చాడు, అమ్మ కొన్నది, డబ్బా మీద రాయలేదు" అంటే శిక్ష కొంత తగ్గవచ్చునేమో గాని తప్పు తప్పే.

మందులషాపులో అడిగి తెచ్చుకునే దగ్గుమందుతో కూడా ఇబ్బందే. క్రికెటర్ పృథ్వీ షా 19 ఏళ్ళ వయసులో దగ్గుకు సిరప్ తాగానని, అందులో టెర్బుటలిన్ ఉన్నదని తెలియదని చెప్పాడు. 2019లో అతణ్ణి ఎనిమిది నెలలు ఆటకు దూరం పెట్టారు. దగ్గు వస్తే సిరప్ పట్టేది సాధారణంగా మనమే కదా! పోటీలకు వెళ్ళే పిల్లకు ఏ మందు కొన్నా "ఆటల్లో ఉన్న పిల్ల అండీ" అని డాక్టరుకు ముందే చెప్పండి. ఏ మందులో నిషేధిత పదార్థం ఉందో చూసుకోవడానికి జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా, "నో యువర్ మెడిసిన్" అని ఒక యాప్ కూడా పెట్టింది.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2023 లెక్కల్లో మన దేశంలో తీసిన 5,606 శాంపిళ్ళలో 3.8 శాతం తప్పాయి. అన్ని పరీక్షలు చేసే దేశాల్లో అంత శాతం మరెక్కడా లేదు. వాళ్ళందరూ తెలిసి మోసం చేసినవాళ్ళే కానక్కర్లేదు. ఎవరు ఏమిచ్చినా "బలానికే కదా" అని నోట్లో వేసుకునే అలవాటు కూడా ఇందులో కొంత ఉండవచ్చు. ఆ అలవాటు మాన్పించవలసింది ఇంట్లోనే.

చల్లటి డబ్బాలు, తియ్యటి ప్యాకెట్లు

ఎనర్జీ డ్రింక్ డబ్బా తిప్పి సన్న అక్షరాలు చదివారా? పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని మన దేశంలో దాని మీద రాసి తీరాలి. పావు లీటరు డబ్బాలో దాదాపు 75 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. గుండె దడ, నిద్రలేమి తెచ్చిపెడుతుంది. నిద్ర చెడిన పిల్ల మర్నాడు ఏం పరుగెత్తుతుంది? ఎదిగే పిల్లలకు ఎనర్జీ డ్రింకులతో అసలు పనే లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లోనే తేల్చిచెప్పింది.

ఇక ఓఆర్‌ఎస్ అని రాసుకుని అమ్మిన తియ్యటి పండ్లరసం ప్యాకెట్లు. అసలు ఓఆర్‌ఎస్‌లో ఉండవలసిన దానికంటే ఎన్నో రెట్లు చక్కెర వాటిలో ఉండేది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్ళు ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడకూడదని ఆదేశించింది. మన తెలుగు నేల మీది ఒక్క డాక్టరమ్మ దేశమంతటి తల్లులకు చేసిన మేలు అది!

గంటలోపు సాధనకు మంచినీళ్ళు చాలు. మన ఓరుగల్లు ఎండల్లో గంట దాటి పరుగెత్తితే ఉప్పు, చక్కెర వేసిన నిమ్మరసమో, పల్చటి మజ్జిగో ఇవ్వండి. వాంతులు, విరేచనాలు అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చదరపు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి. అసలైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరికితే మరీ మంచిది.

"మరి బీట్‌రూట్ రసం తాగితే దమ్ము పెరుగుతుందంటారే?" అని అడగవచ్చు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2009లో రోజుకు అర లీటరు చొప్పున ఆరు రోజులు తాగించి, దమ్ము పెరిగిందని చూపిన మాట నిజమే. కాని వాళ్ళు పరీక్షించింది ఎనిమిది మంది పెద్దవాళ్ళైన మగవాళ్ళను. మన పిల్లలకు బీట్‌రూట్ కూరో, పచ్చడో చేసిపెట్టండి, హాని లేదు. దాని పేరు చెప్పి అమ్మే ఖరీదైన పొడి మాత్రం వద్దు. క్రియాటిన్ వంటివి కూడా 18 ఏళ్ళలోపు పిల్లలకు వద్దనే పిల్లల వైద్యులు చెబుతున్నారు.

ఇంట్లో ఇలా చేసి చూడండి

పొద్దున గ్రౌండ్‌కి వెళ్ళే ముందు ఒక అరటిపండు, లేదా రెండు ఖర్జూరాలు, గ్లాసు నీళ్ళు. వచ్చాక గంటలోపు కడుపునిండా టిఫిన్. తైద అంబలిలో మజ్జిగ, పక్కన ఉడికించిన గుడ్డు. లేదా సర్వపిండి, పెరుగు. సర్వపిండిలో బియ్యప్పిండి, శనగపప్పు, పల్లీలు, నువ్వులు అన్నీ పడతాయి కదా, మన పెద్దలు తెలియకుండానే చక్కటి పరుగుల టిఫిన్ తయారుచేశారు!

మధ్యాహ్నం అన్నం, పప్పు, తోటకూరో గోంగూరో. ఆకుకూరల ఇనుము ఒంటికి తక్కువగానే పడుతుంది. అందుకే పైన నిమ్మకాయ పిండండి, తర్వాత జామపండు ఇవ్వండి. అన్నం తిన్న వెంటనే టీ వద్దు, గంట ఆగాక. మాంసం తినే ఇళ్ళల్లో వారానికి ఒకసారి కోడి కార్జం వండితే ఇనుము బాగా అందుతుంది. సాయంత్రం శనగలో బొబ్బర్లో గుడాలు చేసి ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి పెట్టండి. రాత్రి జొన్న రొట్టె లేదా సజ్జ రొట్టె, కూర, పడుకునే ముందు పాలు. ఎనిమిది, తొమ్మిది గంటల నిద్ర. నిద్రను మించిన టానిక్ ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

బ్యాగులో పెట్టుకోవడానికి తైద లడ్డూ: ఒక కప్పు తైద పిండిని మూడు చెంచాల నేతిలో సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. అర కప్పు పల్లీలు, పావు కప్పు నువ్వులు విడివిడిగా దోరగా వేయించి, పల్లీల పొట్టు తీసి, రెండూ బరకగా దంచండి. ముప్పావు కప్పు బెల్లం తురుము, రెండు యాలకులు కలిపి, వేడిగా ఉండగానే ఉండలు చుట్టండి. చుట్టుకోకపోతే రెండు చెంచాల వేడి నెయ్యి వెయ్యండి. వారం రోజులు నిలవ ఉంటాయి. బెల్లంలో ఇనుము ఉంటుందని అదొక్కటే నమ్ముకోవద్దు, రక్తహీనతకు అది చాలదు.

డబ్బా కొనమని ఎవరైనా చెబితే

నాలుగు ప్రశ్నలు అడగండి. మా పిల్లకు ఏ లోటు ఉందని ఇది ఇవ్వమంటున్నారు? ఆ లోటు ఏ పరీక్షలో తేలింది? అదే సరుకు మా వంటింట్లో దొరకదా? దీనిలో నిషేధిత పదార్థం కలిసి లేదని ఎవరు పూచీ? సరైన జవాబులు వస్తే డాక్టరుతో మాట్లాడి అప్పుడు కొనండి. విటమిన్-డి లోటో, బి12 లోటో పరీక్షలో తేలితే మందు వాడవలసిందే. పాలు కూడా ముట్టని పిల్లకో, జబ్బు పడి లేచిన పిల్లకో డాక్టరే పొడి రాయవచ్చు. అది వైద్యం. దాన్ని కాదనకూడదు.

జవాబులు రాకపోతే మాత్రం ఆ డబ్బు మీ కొంగున ముడేసుకోండి. అందులో కొంత రక్తపరీక్షకు, కొంత గుడ్లకు, పండ్లకు, మిగిలింది మంచి పరుగుల బూట్లకు సరిపోతుంది. రేపు పొద్దున పిల్ల గ్రౌండ్ నుంచి వచ్చాక ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని కనురెప్ప కింద చూడండి. బడిలో ఇచ్చిన నీలం గోలీ ఏం చేశావని అడగండి. నెలసరి సరిగా వస్తున్నదా అని మెల్లగా కనుక్కోండి. ఈ మూడు ప్రశ్నలకూ డబ్బు ఖర్చు లేదు. వాటి జవాబులను బట్టి మీ పిల్లకు ఏం కావాలో మీకే తెలిసిపోతుంది.